ముల్లు పుట్టినచోటు



మాదాపురమున సైబర్ టవర్సు అను భవనము 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన, నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారి చేతులమీదుగా ప్రారంభమైనది మొదలు నేటివరకు హైటెక్ సిటీ, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, ఖాజాగూడ ప్రాంతములందు అద్దపుగోడల సౌధము లెన్ని లేచినను, వాని నడుమను, వాని వెనుకను, ప్రహరీల కావలను, ఇంకను కట్టని, ఇంకను చదునుచేయని రాతినేల కొంత మిగిలియే యున్నది. ఆ నేలపై మోకాలెత్తున, నడుమెత్తున, తలయెత్తున పెరిగిన పొదలను ఉద్యోగమునకు పోవుచు వచ్చుచు నిత్యము చూచుచున్నవారు కూడ, ఇవి యేమని యడిగినచో, ముళ్లకంప యని యొక్కమాట చెప్పి యూరకుందురు. ఆ యొక్కమాటలో తెలంగాణ రాష్ట్రవృక్షమైన జమ్మియు, దానిని తరిమివేయుచున్న సర్కారు తుమ్మయు, తుమ్మలలో మూడు నాలుగు తెగలును, వెలుతురను పొదయు, రేగుజాతి యంతయు కలగలిసిపోయి యున్నవి. వీనిని వేరు వేరుగ గుర్తించుట యెట్లు అను విషయమును గూర్చియే నేడు ముచ్చటింపదలచితిని.

హైదరాబాదు ఎడారి కాదు. ఏటికి ఇంచుమించు 800 మిల్లీమీటర్ల వాన కురియు సీమను మరుభూమి యనుటకు శాస్త్ర మంగీకరింపదు. అయినను ఆ వానలో అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకు గల నాలుగు నెలలలోనే కురిసి, 250 కోట్ల సంవత్సరముల ప్రాచీనతగల గ్రానైటు బండలమీదుగా జారి, బండల సందులలోని పలుచని మొరంనేలను తడిపి, పల్లమందలి చెరువులకు పోవుచుండుటచేత, మిగిలిన ఎనిమిది నెలలును ఆ బండలపై నిలిచిన మొక్క పడు దాహము ఎడారిమొక్క దాహమునకు ఏమాత్రమును తీసిపోదు. కావుననే ఎడారివృక్షములు కొన్ని యిచట స్వస్థానమందువలె నిలిచియున్నవి. మన జమ్మియే రాజస్థానమున ఖేజ్రీ. ఆ రాష్ట్రమువారు 1983లో దానిని తమ రాష్ట్రవృక్షముగ స్వీకరించిరి. 1730లో జోధపురసమీపమునగల ఖేజడ్లీ గ్రామమున అమృతాదేవి మొదలుగా 363 మంది బిష్ణోయీలు ప్రాణములొడ్డినది ఈ చెట్టును గొడ్డలినుండి కాపాడుటకే. మన జమ్మియే అరబ్బుదేశములందు ఘాఫ్; ఐక్య అరబ్ ఎమిరేట్లకు అది జాతీయవృక్షము. నిజామాబాదు, జగిత్యాల, కరీంనగరు పల్లెలనుండి బ్రతుకుతెరువునకై దుబాయి, అబూధాబి వెళ్లిన మన సోదరులు ఇసుకదిబ్బల నడుమ ఏ చెట్టునీడను నిలుతురో, ఆ చెట్టుకొమ్మనే వారి యూరిలో దసరానాటి సాయంకాలము పెద్దలు పూజింతురు. బహ్రెయిన్ ద్వీపమున చుట్టును మరియొక చెట్టు లేని యిసుకనేలపై ఒంటరిగ నిలిచి, జీవవృక్షమని లోకప్రసిద్ధి గాంచినదియు జమ్మియే. దాని వయస్సు నాలుగువందల యేండ్లందురు.

ఈ పొదలన్నియు ఒకదానినొకటి ఇంతగా పోలియుండుటకు కారణము రక్తసంబంధ మొక్కటే కాదు. ఎండయు, నీటికొరతయు, మేకయు అను మూడు శత్రువుల నెదుర్కొనవలసివచ్చినపుడు వేరు వేరు వంశములకు చెందిన మొక్కలు సైతము ఒక్కటే యుపాయమునకు వచ్చినవి: ఆకును చిన్న చిన్న పత్రకములుగ చీల్చుకొని ఎండదెబ్బను తగ్గించుకొనుట, కాండమును ముళ్లతో రక్షించుకొనుట, వేరును లోతునకు పంపుట. దీనికితోడు మనుష్యుడు కట్టెలకై నరుకుటయు, పశువు చిగురు మేయుటయు ఎడతెగక సాగుటచేత, స్వభావసిద్ధముగ వృక్షములు కావలసిన జమ్మియు తుమ్మయు మొదటినుండి మరల మరల చిగిర్చి, గుబురు కట్టి, పొదలవలెనే కనబడును. దూరమునుండి చూచువానికి అన్నియు బూడిదవన్నెతో కలిసిన పచ్చదనమే, అన్నియు సన్నని యాకులే, అన్నియు ముళ్లే. పూవు పూచిన వేళ భేదము సులభముగనే తెలియును. కాని పూవు సంవత్సరమున కొలదివారములు మాత్రమే యుండునది. ఆకు వేసవిలో రాలవచ్చును, మేక తినవచ్చును. సర్వకాలములందును మొక్కపై నిలిచియుండు సాక్షి ముల్లొక్కటే. అందువలన నేను చెప్పు పద్ధతి యిది: ముల్లు ఎంత పొడవు, ఎంత వాడి యను విచారణకు ముందుగా, అది కొమ్మపై ఎచట పుట్టినదో చూడవలెను.

జమ్మికొమ్మ నొకదానిని, దానిని విరువకుండ, కొనపట్టి కన్నులకు జానెడుదూరమున నిలుపుకొని చూడుడు. కొమ్మ బూడిదరంగున సన్నగ నుండును. ఆకు పుట్టుచోటును కణుపందుము గదా. జమ్మికి ఆ కణుపువద్ద ముల్లుండదు. ఒక కణుపునకును మరియొక కణుపునకును నడుమ గల నున్నని భాగముమీద, ఒకటి యిచట, ఒకటి యచట, వరుసయు జంటయు లేక, అడుగున వెడల్పుగను కొనయందు వాడిగను ఉన్న పొట్టిముళ్లు పొడిచియుండును. అవి గోరంత పొడవునకు మించవు. వ్రేలితో తడవినచో ముల్లుకంటె ముందు దాని వెడల్పైన పీటయే తగులును. ఆకును చూచితిరేని, నడిమి యీనెకు ఒకటి రెండు జతల, అరుదుగా మూడు జతల పిల్లయీనెలు, ఒక్కొక్క పిల్లయీనెకు ఏడు మొదలు పదునాలుగు జతల పత్రకములు ఉండును. పత్రకముల వన్నె ఎన్నడును నిండుపచ్చ కాదు; దుమ్ము కప్పినట్లు కనబడును, కాని వాన వెలిసిన తరువాతను అట్లే యుండును. వేసవి ముదిరి చుట్టుపట్ల చెట్లు మోడువారియున్న దినములలో జమ్మి కొత్తచిగురు తొడుగును. అది ఆ వేరు ఎంతలోతునుండి నీటిని తెచ్చుచున్నదో మనకు తెలుపు గుర్తు.

ఇక సర్కారు తుమ్మ. కంపచెట్టని కొందరు, ఇంగ్లీషు తుమ్మ యని కొందరు పిలుచు ఈ మొక్కకు ముల్లు కణుపునందే, ఆకు మొదలు ప్రక్కనే పుట్టును. ఒకచోట ఒంటిగ, ఒకచోట జంటగ, ఒక్కొక్కటి రెండంగుళముల వరకు పెరిగి, చెప్పును దూసికొనిపోయి పాదమున దిగునంత గట్టిదై యుండును. కణుపునకు కణుపునకు నడుమ మాత్రము కొమ్మ నున్నన. ఆ కొమ్మయు తిన్నగ సాగదు; ప్రతికణుపువద్దను ఒకసారి కుడికి, ఒకసారి యెడమకు మెలితిరుగును. పత్రకములు జమ్మిపత్రకములకంటె పొడవు, ఎడమెడముగ అమరినవి, ఏడాది పొడుగునను నిగనిగలాడు పచ్చనివి. కాయ లేతపసుపువన్నెతో, కండపట్టి, కొంచెము వంగియుండును. అందలి గుజ్జు తీపి. ఆ తీపికై పశువులు కాయలను తిని, జీర్ణముకాని విత్తులను పేడతో పొలమెల్ల చల్లుటయే ఈ మొక్క వ్యాప్తికి ముఖ్యకారణము. జమ్మికాయ యందులకు భిన్నముగ సన్నమై, పొడవై, గుండ్రనికడ్డీవలె క్రిందికి వ్రేలాడును. రాజస్థానీయులు దానిని లేతగ కోసి యెండబెట్టి, సాంగ్రీ యను పేర కూర వండుకొందురు.

సర్కారు తుమ్మ మన దేశపు మొక్క కాదు. వంటచెరకునకు కొరతగా నున్న మెట్టసీమలలో పెంచుటకు త్వరగ నెదుగు చెట్టు కావలెనని, మద్రాసు రాజధాని యటవీశాఖాధికారియైన బెడ్డోముగారు కోరగా, అమెరికాఖండపు ఉష్ణప్రాంతములకు చెందిన దీని విత్తనములు 1877లో వచ్చినవి. తొలుత నాటినచోటు మన కడపజిల్లా కమలాపురము. ప్రభుత్వము నాటించినది గావున సర్కారు తుమ్మ యైనది. ఆనాటి ఉద్దేశమును నేను నిందింపను; పేదయింటి పొయ్యికి దీని కట్టెయు, బొగ్గును ఎన్ని తరములు ఉపకరించినవో పల్లెలలో పెరిగినవా రెరుగుదురు. అయితే దీని నీడను ఇతరమొక్క పెరుగుట కష్టము. జమ్మినీడను సజ్జపైరు పండును. ఈ రెండును ఇటీవలివరకు ప్రోసోపిస్ అను ఒకే ప్రజాతిలో అన్నదమ్ములుగ పరిగణింపబడినవి. 2022లో శాస్త్రజ్ఞులు ఆ ప్రజాతిని విభజించి, ప్రోసోపిస్ అను పేరును జమ్మికే నిలిపి, సర్కారు తుమ్మను నెల్టూమా అను వేరు ప్రజాతిలో చేర్చిరి. ముల్లు పుట్టినచోటును బట్టి కంటితో కనుగొన్న భేదమునకు వంశపరీక్షయు తోడైనదని నాకు సంతోషము.

తుమ్మలన్నింటికిని లక్షణ మొక్కటే: ముళ్లు కణుపువద్ద జంటగా, ఆకుమొదలున కిరువైపుల ఒక్కొక్కటి చొప్పున పుట్టును, పూవులు గుండ్రని బంతులు. అట్లైనచో సర్కారు తుమ్మకును వీనికిని భేద మెట్లు తెలియునని యడుగవచ్చును. సర్కారు తుమ్మ పూవు బంతికాదు, పొడవైన కంకి. పూవు లేనప్పుడు ఆకును చూడవలెను. తుమ్మయాకునకు పిల్లయీనెలు మూడు జతలకు తగ్గుట అరుదు, పత్రకములు బహుసూక్ష్మములు. నల్లతుమ్మకు బెరడు నలుపు, లేతకొమ్మలపై ముళ్లు తెలుపు, పూబంతులు కాంతిమంతమైన పసుపు. కాయ గింజగింజకు నడుమ నొక్కుకొనిపోయి దండకు గ్రుచ్చిన పూసలవలె నుండును. చెరువుశిఖములలో, నల్లరేగడిలో ఇది విస్తారము. తెల్లతుమ్మ బండనేలకు చెందినది, బెరడు వెలిసినట్లుండును, వానకాలమున కొమ్మల చివర పెద్ద పెద్ద గుత్తులుగ పాలిపోయిన పసుపుబంతులు పూచును. కస్తూరి తుమ్మ యనునది నిజముగ పొదయే. చలికాలమున పూచు దాని పూవు సువాసన మార్గస్థులను నిలిపివేయును. కాయ ఉబ్బి, నల్లబడి, కోలగ నుండును. సండ్రను కూడ తుమ్మలతో కలుపుట కలదు. దాని ముల్లు వేరు: కణుపుక్రింద జంటగ పుట్టిన పొట్టి వంకరకొక్కెము, బట్టకు తగిలినచో వెనుకకు లాగుకొనుట కష్టము. తాంబూలమున వాడు కాచు దీనికి దగ్గరిచుట్టమైన చెట్టు చేవనుండి వచ్చినదే.

ఇన్నింటిలోను జమ్మిగా పొరపడుటకు ఎక్కువ యవకాశముగలది వెలుతురు. ఖాజాగూడ గుట్టల మొదలునను, హైదరాబాదు విశ్వవిద్యాలయపు బండలనడుమను ఉన్నటువంటి నేలయే దానికి నచ్చినది. వేళ్లనుండి పిలకలు వేసి, ఒక మొక్క ఒక పొదయై, పొద గుంపై నిలుచును. వన్నె జమ్మివన్నెయే, ఆకు జమ్మియాకును తలపించునదే. కాని వెలుతురు ముల్లు కణుపుమీద పుట్టినది కాదు, కణుపుల నడుమ పుట్టినదియు కాదు. ఒక చిన్నకొమ్మయే కొనయందు గట్టిపడి ముల్లుగ మారినది. ఆ ముల్లుమీదనే ఆకులు పుట్టియుండుటను చూచినచో ఇక సందేహమునకు చోటులేదు. తుమ్మముల్లుపై గాని, జమ్మిముల్లుపై గాని ఆకు పుట్టుట అసంభవము. దీని పూవు మన మెట్టసీమలోని సౌందర్యములలో నొకటి: క్రిందికి వ్రేలాడు ఒక్క కంకియందే పైసగము గులాబివన్నె, క్రిందిసగము పసుపువన్నె. గులాబిభాగపు పూవులు గొడ్డువి, కాయకట్టునవి పసుపుభాగపువే. కాయలు మెలితిరిగి, ఒకదానితో నొకటి పెనవేసికొని ముద్దకట్టియుండును.

ఈ రెండు మొక్కల పోలిక పామరులనే కాదు, వృక్షశాస్త్రమునకు నామకరణపద్ధతిని నేర్పిన లిన్నేయస్ మహాశయునంతటివానిని సైతము చిక్కున పెట్టినది. 1753లో వెలువడిన తన మహాగ్రంథమునందు ఆయన వెలుతురునకును జమ్మికిని, రెండును బూడిదవన్నెవే గనుక, రెండు వేర్వేరుచోట్ల ఒకే పేరు పెట్టెను. ఆరేండ్ల తరువాత, 1759లో, జమ్మి పేరును కొంచెము మార్చి ఆ చిక్కును విప్పెను. ఆయన యుండినది స్వీడను దేశమున. చూచినది ఎండిన కొమ్మలు. మనకు పచ్చికొమ్మ గడపదాటిన వెంటనే కలదు. ఆ శతాబ్దము చివర సామర్లకోటలో నివసించి, కోరమండలతీరపు మొక్కలను బొమ్మలతో, తెలుగు పేళ్లతో గ్రంథస్థము చేసిన విలియం రాక్స్‌బరో, ఈ నేలనున్నవారు వానిని పిలుచు పేళ్లను వ్రాసికొనుటను శాస్త్రములో భాగముగనే యెంచెను. మనవారు ఏ గ్రంథమును చూడకయే జమ్మిని జమ్మిగ, వెలుతురును వెలుతురుగ వేరుచేసి పిలిచియుండిరి.

ఈ వివేచనతో మన కేమి పని యని యడుగువారుందురు. 2014లో తెలంగాణ ప్రభుత్వము జమ్మిని రాష్ట్రవృక్షముగను, తంగేడును రాష్ట్రపుష్పముగను ప్రకటించినది. విరాటనగర ప్రవేశమునకు ముందు పాండవులు ఆయుధములు దాచిన చెట్టని శమీవృక్షమైన జమ్మిని పూజించి, దాని యాకును బంగారమని పెద్దల చేతులయందుంచి దీవెన లందుకొనుట తెలంగాణమున దసరానాటి యాచారము. గచ్చిబౌలి యపార్టుమెంట్లలో నివసించు కుటుంబములకు ఊరిచివర చెట్టుకడకు పోవు వీలులేక కొమ్మయే గుమ్మమువద్దకు వచ్చుచున్నది. ఆ కొమ్మను పిల్లల చేతికిచ్చి, కణుపేది, నడుమభాగమేది, ముల్లెచట నున్నదని వారిచేతనే చూపించుట పండుగకు ఒక శోభ. కణుపువద్ద ముల్లున్నచో అది జమ్మి కాదు. ముల్లుమీద ఆకున్నచో అదియు జమ్మి కాదు.

అంతకంటె గురుతరమైన ప్రయోజన మింకొకటి గలదు. కంచ యనగా తెలంగాణమున పశువులు మేయు పొదలబీడు. 2025 మార్చి చివరను హైదరాబాదు విశ్వవిద్యాలయమును ఆనుకొనియున్న కంచ గచ్చిబౌలిలోని నాలుగువందల యెకరములను యంత్రములతో చదునుచేయ నారంభింపగా, విద్యార్థులును పౌరులును అడ్డుపడిరి. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు ఆ పనిని నిలిపివేసినది. ఆ దినములలో రెండు వాదములు మిన్నుముట్టినవి: అది వట్టి కంప యని కొందరు, అది మహారణ్యమని కొందరు. ఈ రెండు మాటలును నాకు రుచింపలేదు. అట్టి నేలలో సర్కారు తుమ్మయు సుబాబులును వచ్చి చేరియుండుట సత్యము. వాని సందున జమ్మియు, వెలుతురును, రేగును, తంగేడును నిలిచియుండుటయు సత్యమే. ఎచట ఏది యెంత యున్నదో మొక్కమొక్కకు తెలిసినవారు నడిచి చూచి చెప్పవలసిన విషయమిది. దూరమునుండి తీసిన ఛాయాచిత్రమున అన్నియు ఒక్కటే పచ్చమరకగ కనబడును. సర్కారు తుమ్మను తొలగింతుమనుట ధర్మమైన మాటయే. కాని తొలగించు యంత్రమును నడుపువానికి, ఆ యంత్రమును పంపిన యధికారికి, కణుపుముల్లును నడిమిముల్లును తెలియనిచో, నాలుగేండ్లలో మరల మొలకెత్తగల సర్కారు తుమ్మతోపాటు, పెరుగుటకు తరము పట్టు జమ్మియు ఒక్క పూటలో పోవును. పని మొదలిడుటకు ముందు జమ్మిమొదళ్లకు సున్నపు పట్టె వేయించుట ఎంతపని? అది తెలిసినవాడొక్కడు ముందుగ నడిచిన చాలును.

తంగేడు విషయమునను ఇట్టి వివేచన కావలెను. బతుకమ్మకు తంగేడు లేనిది నిండుదనము లేదు; కాని పసుపుపూవు పూచినదెల్ల తంగేడు కాదు. ఐటీ సంస్థల దారుల కిరువైపుల నీడకై పెంచిన పెద్దచెట్టు సీమతంగేడు. దాని పూవు కొమ్మచివర పెద్దగుత్తి, అది చెట్టు, తంగేడు పొద. రోడ్లప్రక్క చెత్తనేలలో పెరిగి, ఆకు నలిపినచో దుర్గంధమిచ్చునది కసింద. దాని పత్రకములు నాలుగైదు జతలు, కొన తేలినవి. వానకాలపు బీడులలో మోకాలెత్తున పెరిగి, మూడే జతల గుండ్రని పత్రకములతో, కొడవలివంటి సన్ననికాయలతో నుండునది తగిరిస. ఈ మువ్వురనుండియు తంగేడును వేరుచేయు గుర్తు ఆకుకాడ మొదలున నున్నది. అచట రెండువైపుల గుండ్రముగ వెడల్పైన, చెవియాకారముగల చిన్నయాకులు కాడను కౌగిలించుకొని యుండును. తక్కినవానికి ఇవి సన్నవై త్వరగ రాలిపోవును. తంగేడునకు రాలక నిలిచియుండును. పత్రకముల ప్రతిజత నడుమను నిలువుగ నొక సూక్ష్మమైన గ్రంథి కూడ కలదు. దానిని చూచుటకు మంచి వెలుగును, కొంత ఓపికయు కావలెను. పూర్వము తోళ్లు పదునుచేయుటకు దీని బెరడే మన చర్మకారులకు ఆధారము.

రేగుజాతిని గూర్చి రెండుమాటలు. వీనికి సామాన్యముగ కణుపువద్ద రెండుముళ్లు, ఒకటి నిలువు, ఒకటి వంకర. ఈ యసమానజంటయే కులచిహ్నము. ఆకు క్రిందిభాగము తెల్లని నూగుతో నుండి, చెట్టుగ పెరుగునది భోగిపండ్ల రేగు. ఆకు చిన్నదై, రెండువైపుల నూగుగలిగి, నేలబారుగ నుండునది నేలరేగు. రాజస్థానపు మరుభూమిలోను ఇదే పొద మేకలకు మేత. ఇతర పొదలపైకి ప్రాకి, ఆకు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువగ సాగి, నల్లని మెరుగుగల చిన్నపండ్లనిచ్చునది పరిమి. కొన్నియూళ్ల పిల్లలు పరికిపండ్లని కోసికొని తిందురు. ఆకు పెద్దదై, కాయ రాయివలె గట్టిపడి, తినుటకు పనికిరానిది గొట్టి.

ఈ మొక్కలను చూడగోరువారు దూరము పోనక్కరలేదు. కొత్తగూడలోని కోట్ల విజయభాస్కరరెడ్డి ఉద్యానమునందును, జాతీయోద్యానముగ ప్రకటింపబడిన బంజారాహిల్సు సమీపపు కాసు బ్రహ్మానందరెడ్డి వనమునందును, నడకదారి విడువకయే ఇట్టి పొదలను చూడవచ్చును. కొమ్మ విరుచుట అచట నిషిద్ధము. మన పనికి విరువనక్కరయు లేదు. వానలు వెనుకబట్టి, ఆకు నిండుగనున్న ఆశ్వయుజ కార్తికములు క్రొత్తవారికి అనుకూలమైన కాలము: తంగేడు పూచియుండును, తెల్లతుమ్మ గుత్తులు కనబడును. ముదిరిన జమ్మిచెట్టు పైకొమ్మలపై ముళ్లు పలుచనై, చేతికందిన కొమ్మయందు ఒక్క ముల్లును కనబడకపోవచ్చును. అట్టియెడ తొందరపడి తీర్పుచెప్పక, చెట్టుమొదలును చుట్టివచ్చి చూడవలెను. నరికిన గాయముకడనుండి పుట్టిన లేతపిలకపై నడిమిముళ్లు స్పష్టముగ నుండును. అదియు లేనిచో ఏప్రిల్, మే నెలలదాక ఆగి, సన్ననికాయలు వ్రేలాడునపుడు మరల వచ్చి చూడవలెను.